వంటామె కాదు, గుమాస్తా

నంద్యాలలో ఆ సినిమా ఆడుతోందని మా మనవరాలు దివ్య చెప్పిన రోజున నేను పెట్టె తెరిచి పెళ్ళిళ్ళకు కట్టే చీర బయటికి తీశాను. "సినిమాకు అంత చీరెందుకవ్వా, చీకట్లో ఎవురు చూస్తారు?" అని అది నవ్వింది. ఎందుకో దానికి చెప్పలేదు. ఆ సినిమాను ఒక పాత నవలను బట్టి తీశారు. దాని పేరు నేను రాయను, ఊళ్ళో గోడలన్నీ ఇప్పుడు ఆ పేరుతోనే నిండి ఉన్నాయి. ఆ నవల వారపత్రికలో వారం వారం వచ్చే కాలానికి నేను ఆళ్లగడ్డలో కొత్త కోడల్ని. థియేటర్లో కూర్చునే అంతమందిలోనూ కథ ముందే తెలిసినదాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటానని నా ధీమా. ఆలస్యంగా చదువు నేర్చినవాళ్ళకు ఒక జబ్బు ఉంటుంది, తమకు తెలిసింది నలుగురికీ చూపించుకోవాలనిపిస్తుంది. నేను అక్షరాలు దిద్దింది యాభై దాటాక. ఆ జబ్బు నాకింకా తగ్గలేదు.

కథ పెద్ద చిక్కుదేమీ కాదు. ఒక ఇంజనీరు ఆనకట్ట పనిలో జరుగుతున్న మోసాన్ని కనిపెట్టి, రుజువులన్నీ ఇంట్లో దాచుకుంటాడు. ఆయన ఈరోజు రాసుకున్నది రేపటికల్లా మోసగాళ్ళ చేతికి చేరిపోతూ ఉంటుంది. ఇంట్లో ఉండేది భార్య, తమ్ముడు, గుమాస్తా, వంటామె. వీళ్ళలో ఎవరు మోస్తున్నారు అనేదే కథంతా. వంటామెకు చదువు రాదు కాబట్టి ఆమెను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఆమె ముందే కాగితాలు పరుస్తారు. సినిమా చివర్లో ఆ వంటామె పొయ్యి దగ్గర నిలబడి, ఇంజనీరు దాచిన ఉత్తరాన్ని గడగడా చదివేస్తుంది. ఇన్నేళ్ళూ చదువు రానట్టు నటించిందన్నమాట. హాలంతా ఈలలు. దివ్య నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను మాత్రం "ఇది కాదే, తప్పు!" అని పైకే అనేశాను. నాకు తెలిసిన కథలో ఆ పని చేసింది గుమాస్తా.

బయట మెట్ల మీద ఒక అమ్మాయి మైకు పట్టుకుని వచ్చినవాళ్ళనందరినీ అడుగుతోంది. "ఇంటర్వెల్ దాకా నిద్రపోయినా మేడం, ఆ వంటామె చదివేతలికి లేచి కూర్చున్యా" అన్నాడొక పెద్దమనిషి. "పాటలు లేవు, ఫైటింగు లేదు, ఏందీ సినిమా?" అన్నాడు ఇంకొకాయన. చంకలో బిడ్డను ఎత్తుకున్న ఒకామె, "మా ఇంట్లో పనిచేసే ఆమెకు చదువొచ్చో రాదో ఇప్పుడే పోయి అడగల్ల" అంది, అందరూ నవ్వారు. మైకు నా దగ్గరికి వచ్చింది. "అవ్వా, ఎట్లుంది సినిమా?" చీర కొంగు సర్దుకున్నాను. "కథ చెడగొట్టినారు. నవలలో దొంగ గుమాస్తా. వంటామెకు ఏ పాపం తెలీదు. నవల చదివినోళ్ళకు తెలుస్తాది" అన్నాను. చదివినోళ్ళకు అనే మాటను కాస్త గట్టిగానే అన్నాను.

రెండు రోజులకు ఆ వీడియో దివ్య ఫోన్లోకి వచ్చింది. కింద జనం రాసినవన్నీ నేనే చదువుకున్నాను, వేలు పెట్టి, ఒక్కొక్కటీ కూడబలుక్కుంటూ. "అవ్వ వేరే హాల్లోకి పోయినట్టుంది." "అవ్వా, నవలలో కూడా వంటామెనే. గుమాస్తా పాపం చివరిదాకా కళ్ళద్దాలు తుడుచుకుంటానే ఉంటాడు." ఒకాయన పుస్తకంలోని ఆఖరి పుటనే ఫోటో తీసి పెట్టాడు. ఇరవై ఏళ్ళ కిందటైతే ఎవరు ఏం రాశారో నాకు తెలిసేది కాదు, హాయిగా ఉండేదాన్ని. చదువు నేర్చుకున్నందుకు మొదటిసారి నన్ను నేను తిట్టుకున్నాను. తర్వాత తిట్టింది మా తోటికోడలు కమలక్కను. ఎందుకంటే ఆ నవలను నేను చదవలేదు. ఆమె చదువుతుంటే విన్నాను.

కమలక్క ఆత్మకూరు పిల్ల. పదో తరగతి దాకా చదివి మా అత్తగారింటికి పెద్దకోడలుగా వచ్చింది. నేను మిడుతూరు నుంచి చిన్నకోడలుగా వచ్చాను, బడి గోడను బయటి నుంచి చూసినదాన్ని. తొలకరికి ముందు రెండు నెలలు మా ఇంట్లో విత్తనానికి బుడ్డలు వలిచే పని ఉండేది. వేరుశనగ కాయలను మావైపు బుడ్డలంటాం. నడింట్లో మూటలు కుమ్మరించేవాళ్ళు. ఆ దుమ్ము, గోనెసంచుల వాసన, చెమట వాసన కలిసి ఇల్లంతా ఒక మాగిన వాసన వేసేది. పది పన్నెండు మంది ఆడవాళ్ళం చుట్టూ కూర్చుని బొటనవేలితో నొక్కి వలుస్తుంటే మూడో రోజుకే గోరు కింద చర్మం లేచిపోయేది. విత్తనం గింజ తినకూడదు. అందుకని మా అత్త ఒక ఉపాయం పెట్టుకుంది: కూలికి వచ్చినవాళ్ళ చేత పాటలు పాడించేది. పాడే నోట్లో గింజ పడదు కదా. ఆ ఏడు కమలక్క వారపత్రిక తెప్పించి చదవడం మొదలుపెట్టాక పాటలు ఆగిపోయాయి. "కథ వినబట్టి నోర్లు ఖాళీగుండాయి, గింజలన్నీ కడుపుల్లోకి పోతాండాయి" అని అత్త గొణిగింది. కమలక్క దానికీ ఒక దారి కనిపెట్టింది. ఎక్కడైనా కటుక్కుమని చప్పుడైతే చదవడం ఆపేసేది. "ఎవురో నములుతాండారు. మింగినాక చెప్పండి, చదువుతా" అనేది, తల ఎత్తకుండానే. పన్నెండు మందీ పక్కపక్కవాళ్ళ దవడలు చూసేవాళ్ళు. ఆ తర్వాత మా ఇంట్లో ఒక్క గింజ పోలేదు.

కానీ కమలక్క బుడ్డలు వలవదు. అదీ నా బాధ. ఆమె గడప మీద వెలుగు పడేచోట కూర్చుంటుంది, ఒళ్ళో పత్రిక, చేతులు కడిగిన కంచాల్లా తెల్లగా ఉంటాయి. ఆమె వంతు కూడా నేనే వలిచేదాన్ని. గొంతు ఆరిపోతుందని మజ్జిగ మొదటి లోటా ఆమెకు. "చదివీ చదివీ అలిసిపోయినావు, కొంచేపు పండుకోమ్మా" అని అత్త ఆమెతో అనేది. నన్ను మాత్రం "ఇంగొక మూట కుమ్మరియ్ మ్మే" అనేది. అదీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఇంకొకటుంది. మా ఆయన ఎద్దులకు పగ్గం అల్లుతున్నట్టు నటిస్తూ గోడ అవతల కూర్చుని ఆమె చదివేది వినేవాడు. ఒక వారం పత్రిక ఆలస్యమైతే, "ఆ తమ్ముడేమాయనో నీకేమన్నా తెలుసా?" అని నన్నే అడిగాడు. నాకెట్లా తెలుస్తుంది? ఆ రోజు ఆయన ముందు జొన్నరొట్టె పెట్టిన చప్పుడు వీధిలోకి వినిపించి ఉంటుంది.

కూలికి వచ్చేవాళ్ళలో పుల్లమ్మ అని ఒకామె ఉండేది. కథ మీద తీర్పులు ఆమెవే. "ఆ తమ్ముడు మంచోడు గాదు మ్మే, మీసం అట్ల పెట్టినోడు మంచోడెట్లయితాడు?" అనేది. "మీసం నీకు యాడ కనపడిండాది పుల్లక్కా?" అని ఎవరో అంటే, "కమలమ్మ సదవతాంటే కనపడ్లా? నీకు కండ్లు లేవా?" అని గదిమేది. నిజమే, కనపడేది. ఇప్పుడు హాలు మెట్లు దిగక ముందే అందరూ తమ అభిప్రాయం చెప్పేస్తున్నారు, చెప్పి మరిచిపోతున్నారు. పుల్లమ్మ తన తీర్పును వారం రోజులు మోసుకు తిరిగేది, పత్రిక వచ్చాక తప్పని తేలితే అన్నం సహించేది కాదు.

ఆ రోజుల్లోనే మా మామ భాగపంపకాల కాగితం రాయించాడు. కాలువ కింద నల్లనేల పెద్దకొడుక్కు, గుట్ట కింద ఎర్రచేను చిన్నకొడుక్కు, అంటే మాకు. పని పూర్తయ్యేదాకా ఎవరికీ తెలియకూడదని ఆయన పట్టుదల. మా మామకు ఒక అలవాటు ఉండేది. ఏ కాగితమైనా పైకి చదివితేనే ఆయనకు అర్థమయ్యేది. వీధిబడిలో అలాగే నేర్చుకున్నాడు, చుట్ట ఒక చేత్తో, కాగితం ఒక చేత్తో పట్టుకుని రాగం తీస్తూ చదివేవాడు. ఆ రోజు కాగితం తెరిచే ముందు, "కమలమ్మా, నువ్వు కొంచేపు బయటికి పో తల్లీ" అన్నాడు. నేను రోలు దగ్గర కారం దంచుతున్నాను. అత్త నా వైపు చూసింది. మామ, "ఆ పాప ఉంటే ఏమైతాది? దానికి చదువు రాదు గదా" అన్నాడు. చదువు వచ్చినామెను బయటికి పంపి, చదువు రాని నన్ను లోపలే ఉంచుకుని, ఆ కాగితాన్ని మొదటి మాట నుంచి చివరి మాట దాకా పైకి చదివాడు. నేను రోకలి ఆపకుండా దంచుతూ అంతా విన్నాను. నల్లనేల కూడా ఆమెకే.

నాలుగు రోజులకు మేనమామ ఇంట్లో శుభకార్యమని మిడుతూరు వెళ్ళాను. మా అమ్మ చెవిలో చెప్పాను. తర్వాతి వారం మా నాయన ఆళ్లగడ్డకు వచ్చి వీధిలో నిలబడి, "మా పాపకు రాళ్ళచేను రాస్తారా?" అని గొడవ పెట్టాడు. ఎవరు చెప్పారని ఎంత అడిగినా నా పేరు బయటపెట్టలేదు. ఇంట్లో పంచాయితీ జరిగింది. కాగితాల పెట్టె తెరిస్తే చదవగలిగిన ఆడమనిషి ఒక్కతే. పైగా ఆ వారమే కమలక్క ఆత్మకూరుకు ఉత్తరం రాసింది. నల్లనేల తమకు వస్తోందని పుట్టింటికి గొప్పగా రాసుకుని ఉంటుంది, అక్కడి నుంచి మిడుతూరుకు పాకి ఉంటుంది అని తేల్చారు. "నేను రాయలే మామా" అని ఒక్కసారి అంది, అంతే. నన్ను అడగనే లేదు. అత్త నా మీద చెయ్యి వేసి, "దీన్నొదిలేయండి, దీనికి అక్షరం రాదు" అంది. చదువు రాకపోవడం నాకు పనికొచ్చిన రోజు అదొక్కటే. కమలక్కకు చదవడం మాన్పించి బుడ్డల ముందు కూర్చోబెట్టారు. రెండో రోజుకే ఆమె గోరు కింద రక్తం చిమ్మింది. దాన్ని చూసి నాకు కలిగిన సంతోషాన్ని ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ కలిగింది. చివరికి మామ కాగితం చింపి నల్లనేల, ఎర్రచేను రెండూ చెరిసగం చేశాడు.

రెండు వారాల పత్రికలు చదవకుండానే పడి ఉన్నాయి. ఆడవాళ్ళు పాటలు మరిచిపోయారు, చేతులు సాగడం లేదు, గింజలు మళ్ళీ తగ్గిపోతున్నాయి. "ఆ కథేమాయనో చెప్పకుంటే రేపట్నుంచి నేను రాను పెద్దమ్మా" అని పుల్లమ్మ తెగేసి చెప్పింది. మూడో పత్రిక, కథ ముగిసేది, వచ్చిన రోజున అత్త దిగివచ్చి కమలక్కను మళ్ళీ గడప మీద కూర్చోబెట్టింది. మూడూ ఒక్క దమ్మున చదివింది. ఆ ఇంట్లో మాట బయటికి పోతోంది, మోసేది ఎవరు అనే ఘట్టం దగ్గర పుల్లమ్మ, "ఈ కథ ఈ ఇంట్లోదే మాదిరుండాదే" అంది. ఎవరూ నవ్వలేదు. కమలక్క తల ఎత్తి మా అందరినీ ఒకసారి చూసింది, పుట తిప్పింది, చదివింది. వానలో గుమాస్తా వస్తాడు. పంచె అంచుతో కళ్ళద్దాలు తుడుచుకుని ఇంజనీరుతో అంటాడు: "అయ్యా, ఇన్నేళ్ళూ మీ అక్షరాలే రాశాను. ఒక్కటీ నాది కాదు. మొదటిసారి నా కోసం ఒక కాగితం రాసుకున్నాను." పుల్లమ్మ ముక్కు చీదింది. అత్త కూడా కొంగు కళ్ళకు అద్దుకుంది. ఆ మాట నాలో అట్లాగే నిలిచిపోయింది. యాభై దాటాక పలక పట్టుకోవడానికి ఎవరికి ఏ కారణం చెప్పినా, అసలు కారణం ఆ గుమాస్తా మాటే. నా కోసం ఒక కాగితం రాసుకోవాలని.

దివ్య నాకు ఆ నవల తెప్పించి ఇచ్చింది, అట్ట మీద సినిమా బొమ్మ వేసి కొత్తగా అచ్చు వేసిన ప్రతి. ఆరు రోజుల్లో చదివాను. గుమాస్తా ఉన్నాడు, కళ్ళద్దాలున్నాయి, వాన లేదు. ఆ మాట ఎక్కడా లేదు. ఆఖరి ప్రకరణాన్ని రెండుసార్లు చదివాను, వేలు పెట్టి మూడోసారి కూడా. చదువు రానట్టు నటించిన వంటామె ఉంది. "అక్షరం రానిదాన్ని ఎవరు అనుమానిస్తారు?" అని ఆమె నవ్వుతుంది.

మరుసటి రోజే ఆళ్లగడ్డ బస్సెక్కాను. కమలక్క పెద్దకొడుకు కట్టిన కొత్త ఇంటి వరండాలో నలుగురు ఆడవాళ్ళు చింతపండు గింజలు తీస్తున్నారు. ఈమె కుర్చీలో కూర్చుని పేపరు చదివి వినిపిస్తోంది. చేతులు కడిగిన కంచాల్లా అట్లాగే ఉన్నాయి. నన్ను చూసి పేపరు దించింది.

"రా మ్మే. చూసినా ఫోన్లో. మైకు మింగేటట్టుండావే."

"నవ్వుకో. నీ వల్లనే గదా. గుమాస్తా అని ఎందుకు చదివినావు?"

ఆ ఆడవాళ్ళను మంచినీళ్ళు తెమ్మని లోపలికి పంపింది. "ముందే చూసుకున్న్యా, గడప మీద కూర్చోకముందే. వంటామెనే అని తెలుసు. పుల్లమ్మ ఆ మాట అన్నప్పుడు అందరి చేతులూ ఆడతాండె. నీ చేతిలో బుడ్డ అట్లే నిలిచిపోయింది."

"అయితే?"

"అయితే ఏంది? వంటామె అని చదివినానంటే, అక్షరం రానిదాని మీదికి అందరి కండ్లూ మళ్ళుతాయి. అత్త అంత తెలివిలేనిది గాదు."

"మిడుతూరుకు మోసింది నేనని నీకు తెలుసా?"

"మామ గొంతు వీధి చివరికి వినపడతాది. రోలు దగ్గర నువ్వున్న్యావు. నాకు చదువొచ్చునే గానీ చెవులు లేవా?"

"మరి నీ మీద పడినప్పుడు ఎందుకు చెప్పలే?"

"రెండు వారాలు బుడ్డలు వలిచి బిరీన బయటపడినా. నువ్వయితే బయటపడేదానివా? పుట్టింటికి పంపేసేటోళ్ళు." పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుంది. "నీ మింద ప్రేమ ఉండిందని అనుకోవాకు. నా వంతు వలిచేది నువ్వే గదా, నువ్వు పోతే ఎవురు వలుస్తారు?"

కృతజ్ఞత చెప్పుకోవలసిన చోట నేను అడిగింది వేరే. "ఆ గుమాస్తా మాట... నా కోసం ఒక కాగితం రాసుకున్న్యానని... అది ఏ పుస్తకంలోది?"

"ఏమో మ్మే. ఏమన్న్యానో నాకు గుర్తే లేదు. అప్పుడు నోటికొచ్చింది చెప్పినా."

పదేళ్ళుగా పత్రికలకు రాస్తున్నాను. ఒక్కో వాక్యాన్ని నాలుగుసార్లు దిద్దుకుంటాను. ఆమె ఒళ్ళో వేరే కథ అచ్చయి ఉండగా, కళ్ళు ఆ అక్షరాల మీదే పెట్టి, తిప్పవలసిన చోట పుట తిప్పుతూ, నన్ను దాచడానికి ఒక ప్రకరణం కల్పించింది. నా బతుకు మార్చిన వాక్యం చెప్పి, చెప్పిన సంగతే మరిచిపోయింది. చదువు వస్తే ఆమెతో సమానమైపోతానని ఇన్నేళ్ళు అనుకున్నాను. బస్సులో నంద్యాల వచ్చేదాకా కిటికీ బయటికే చూస్తూ కూర్చున్నాను. ఊళ్ళ పేర్ల బోర్డులు వరసగా వచ్చాయి, ఒక్కటీ చదవబుద్ధి కాలేదు.

అంతటితో వదిలేసేదాన్నేమో. కానీ మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఎవరో నా వీడియో పెట్టారు. మా ఆడబిడ్డ కొడుకు దాని కింద, "పెద్దత్త ముందర కాగితాలు మాత్రం పెట్టాకండప్పా" అని రాశాడు. ఇది మా వాళ్ళ పాత పరాచికం. పెళ్ళి పత్రిక రాసేటప్పుడూ అంటారు, ఇల్లు రిజిస్టరు చేసేటప్పుడూ అంటారు. అత్త పోయేటప్పుడు కూడా ఇంటి మాట మోసింది కమలక్కేనన్న నమ్మకంతోనే పోయింది. ఇన్ని పెళ్ళిళ్ళలో ఈ మాటకు నేనూ నవ్వాను. ఆ రోజు నవ్వు రాలేదు. మధ్యాహ్నమంతా కూర్చుని, ఒక్క వేలితో వెతుక్కుంటూ వెతుక్కుంటూ రాశాను: "ఆ మాట మిడుతూరుకు మోసింది పెద్దత్త కాదు. నేను."

నేను ఇంకా కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టకముందే కమలక్క జవాబు వచ్చింది. "దానికి ఎండ దెబ్బ తగిలింది. సినిమా చూసొచ్చి కూడా గుమాస్తా అనలేదా? నమ్మాకండి." దాని కింద వరసగా నవ్వే బొమ్మలు. "చిన్నత్తా, నీళ్ళు తాగు", "పెద్దత్తా, నువ్వు సూపర్." ఒక్కరంటే ఒక్కరు నన్ను నమ్మలేదు. నేను ఏడవవలసిన చోట ఆమె జనాన్ని నవ్వించింది. చేసిన తప్పునైనా నా పేరున ఉండనివ్వదు ఆ మనిషి.

అందుకే ఇక్కడ రాస్తున్నాను, నా కోసం ఒక కాగితం. ఇది అచ్చవుతుంది, అచ్చయినదాన్ని ఆమె దిద్దలేదు. మాట మోసింది నేను, నింద మోసింది కమలక్క. ఇది అచ్చయిన పుస్తకం రాగానే ఒక ప్రతి ఆళ్లగడ్డకు పంపుతాను. ఒక్కటే దిగులు. ఆ వరండాలో చింతపండు గింజలు తీసే ఆడవాళ్ళకు దాన్ని చదివి వినిపించేది మళ్ళీ ఆమే.